జూడోనా, జియు-జిట్సునా? పదో తరగతి అబ్బాయి ఏ మ్యాట్ ఎక్కాలి?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కరాటే నేర్చుకుంటున్నాడు. ఈ మధ్య మా దగ్గర తెరిచిన ఒక జిమ్‌లో బ్రెజిలియన్ జియు-జిట్సు చూసి వచ్చాడు. కరాటే మానేసి అందులో చేరతానని పట్టుబడుతున్నాడు. రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ వస్తుందని, దాంతో స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉద్యోగం ఖాయమని జిమ్ వాళ్లు చెప్పారట. జూడో, జుజుట్సు, ఇది అన్నీ ఒకటేనా? దీన్ని నమ్ముకోవచ్చా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ బ్లాక్ బెల్ట్ సంగతి తేల్చేద్దాం. రెండేళ్లలో రాదు. ఈ విద్యలో పెద్దలకు ఐదు బెల్టులు: తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల ప్రకారం 16 ఏళ్లు రానిదే నీలం బెల్టు ఇవ్వరు, 19 ఏళ్లు రానిదే నల్లబెల్టు ఇవ్వరు. శ్రద్ధగా సాధన చేసేవాళ్లకే నలుపు దాకా రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. మీకు రెండేళ్ల లెక్క చెప్పినవారికి ఈ విద్య తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదన్న ధీమా అయినా ఉండాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ఈ మూడూ ఒకే వంశానివి, కానీ ఒకటి కావు. వాటి పుట్టుక తెలిస్తే ఉద్యోగాల సంగతి కూడా తెలుస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

జపాన్ సమురాయ్‌లకు యుద్ధంలో కత్తి చేజారితే మిగిలేది ఒంటి బలమే. కవచం తొడుక్కున్న శత్రువును పిడికిలితో కొడితే విరిగేది మన వేళ్లే. అందుకే పట్టుకుని పడగొట్టడం, కీలు మెలిపెట్టడం, మెడ బిగించడం వంటి పట్లు ఎక్కువగా పెరిగాయి. ఇలాంటి విద్యలన్నిటికీ కలిపి జుజుట్సు అని పేరు. 1532లో మొదలైందని చెప్పే తకెనౌచి సంప్రదాయం వీటిలో బాగా పాతది. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన వచ్చింది, 1876లో కత్తి ధరించడాన్నే నిషేధించారు. దాంతో తరతరాలుగా ఈ విద్యే జీవనాధారంగా బతికిన గురువులకు ఆదరణ కరువైంది. కెరీర్ సలహాలు ఇచ్చేవాడిగా నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే ఘట్టం ఇదే. విద్యలో లోపం లేదు, దాన్ని నిలబెట్టిన వ్యవస్థ పోయింది.

ఆ విద్యకు కొత్త వ్యవస్థను కట్టినవాడు జిగొరో కానో. పొట్టిగా, బక్కగా ఉండే ఈ యువకుడు రెండు పాత సంప్రదాయాల్లో జుజుట్సు నేర్చుకుని, 1882లో టోక్యోలోని ఒక బౌద్ధ ఆలయంలో కొద్దిమంది శిష్యులతో కొదొకాన్ పాఠశాల ప్రారంభించాడు. అక్కడ ఆయన నేర్పిన విద్యే జూడో. ప్రాణం మీదికి తెచ్చే పట్లను ఆయన రోజువారీ పోటీ సాధన నుంచి తప్పించాడు. అలా చేయడంతో విద్య మెత్తబడలేదు, నిజానికి పదునెక్కింది. ఎందుకంటే మిగిలిన పట్లను పూర్తి బలంతో, ఎదురు తిరిగే మనిషి మీద, రోజూ సాధన చేసే వీలు కలిగింది. పైగా కానో వృత్తిరీత్యా విద్యావేత్త, ఉపాధ్యాయుల్ని తయారుచేసే కళాశాలకు అధిపతి. అందుకే జూడో బడుల్లోకి, పోలీసు శిక్షణలోకి వెళ్లింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. 1992 నుంచి మహిళలకూ పతకాలు ఉన్నాయి. మన దేశానికీ ఈ విద్య కొత్తది కాదు. 1905లోనే రవీంద్రనాథ్ టాగోర్ శాంతినికేతన్‌కు ఒక జపాన్ గురువును రప్పించి నేర్పించారు.

మీ అబ్బాయి చూసి వచ్చింది ఈ చెట్టుకే మరో కొమ్మ. కొదొకాన్‌లో తయారైన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, అక్కడ కార్లోస్ గ్రేసీ అనే కుర్రవాడికి విద్య నేర్పాడు. గ్రేసీ సోదరులు నేల మీది పోరును తమ సొంతం చేసుకున్నారు. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు కిమురా, హేలియో గ్రేసీ చేతిని మెలిపెట్టి గెలిచాడు. ఓడినవాళ్లే ఆ పట్టుకు కిమురా పేరు పెట్టుకుని ఇప్పటికీ నేర్పుతున్నారు. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (వేర్వేరు యుద్ధవిద్యల వాళ్లు తలపడే పోటీ)లో హేలియో కొడుకు రాయిస్ తనకంటే బరువైనవాళ్లను ఓడించి టైటిల్ గెలవడంతో ప్రపంచమంతా దీని వైపు చూసింది.

జూడోకూ, జియు-జిట్సుకూ తేడా నియమాల్లో ఉంది. జూడోలో ప్రత్యర్థిని వేగంగా, బలంగా వెల్లకిలా పడేస్తే ఆట అక్కడితో ముగిసినట్టే. నేల మీద కొద్ది సేపట్లో పురోగతి కనిపించకపోతే రిఫరీ లేపి నిలబెడతాడు. జియు-జిట్సులో అదే పడగొట్టడానికి వచ్చేది 2 పాయింట్లు మాత్రమే, అసలు ఆట అక్కడ మొదలవుతుంది. అవతలివాడి కాళ్లను దాటి పక్కకు చేరి నిలదొక్కుకుంటే 3, గుండెల మీద కూర్చున్నా వెనక నుంచి కాళ్లతో పెనవేసినా 4. వెల్లకిలా పడుకున్నవాడు ఓడినట్టు కాదు. పైవాడి నడుమును కాళ్లతో బిగించి, మణికట్టు లాగి, తుంటిని పక్కకు తిప్పి, ఒక కాలు అతని ముఖం మీదుగా వేసి మోచేతిని వ్యతిరేక దిశలోకి వంచుతాడు. కీలు విరిగే లోపే పైవాడు ఓటమి ఒప్పుకుంటూ అరచేత్తో రెండుసార్లు తడతాడు, పట్టు వెంటనే వదిలేయాలి. జూడోలో కూడా ఈ పట్టు ఉంది, కానీ ఇంత ఓపిగ్గా అల్లుకునే సమయం ఇవ్వరు.

సాంబో, ఐకిడో కూడా ఈ బంధువర్గమే. మొదటిది కొదొకాన్‌లో చదివిన ఒష్చెప్‌కోవ్ వంటివారు రష్యాలో రూపుదిద్దినది, రెండోది మొరిహెయి ఉయెషిబా జపాన్‌లో తీర్చినది. కరాటేది వేరే ఇల్లు. ఒకినావాలో పుట్టి, దెబ్బ మీదే ఆధారపడిన విద్య. టోక్యో 2020 ఒలింపిక్స్‌లో ఒక్కసారి కనిపించి, పారిస్‌లో లేకుండా పోయింది.

ఇప్పుడు కోటా గురించి. కోటా ఇచ్చేవాళ్లు పట్టు ఎంత గొప్పదో చూడరు. ఆ ఆట వాళ్ల జాబితాలో ఉందా, టోర్నమెంటు నిర్వహించిన సమాఖ్యకు ఆ ఏడాది గుర్తింపు ఉందా, ఏ స్థాయి పోటీ అనే మూడే చూస్తారు. జిమ్ ఇచ్చే బెల్టు సర్టిఫికెట్‌కు అక్కడ విలువ లేదు. జూడో పాఠశాల క్రీడల్లో ఉంది, ఖేలో ఇండియాలో ఉంది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా జాబితాలో ఉంది. సైన్యం, పోలీసు విభాగాలకు జట్లున్నాయి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సుశీలా దేవి, తూలికా మాన్ రజతాలు, విజయ్ కుమార్ యాదవ్ కాంస్యం తెచ్చారు. జియు-జిట్సు 2018 నుంచి ఆసియా క్రీడల్లో ఉన్నా ఒలింపిక్స్‌లో లేదు. గుర్తింపు ఏ ఏడాదికి ఆ ఏడాది కేంద్ర క్రీడా శాఖ జాబితాలో చూసుకోవలసిందే. బయట దేశాల్లో దీనికి ఆదరణ ఉంది. అబుదాబిలో బడుల్లోనే నేర్పుతారు, కోచ్‌లను జీతమిచ్చి పెట్టుకుంటారు. అయితే ఆ జీతాలు ఎక్కువగా బ్రెజిల్ నల్లబెల్టులకు వెళుతున్నాయి.

కాబట్టి నా మాట ఇది. అబ్బాయి పేరు జూడోలో నమోదు చేయించండి, జియు-జిట్సును ఇష్టంగా కొనసాగనివ్వండి. రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. జూడోలో పడగొట్టడం, పడడం వస్తే అక్కడ పనికొస్తుంది, అక్కడి నేల పట్లు ఇక్కడ పనికొస్తాయి. కరాటే మానేస్తాడని బాధపడకండి. ఇన్నేళ్ల సాధనలో వచ్చిన సమతూకం, క్రమశిక్షణ ఎక్కడికీ పోవు. మార్చి పరీక్షలయ్యే దాకా మాత్రం పోటీలు వద్దు, వారానికి రెండు మూడు రోజుల సాధన చాలు.

జిమ్‌లో చేర్పించే ముందు ఒక సాయంత్రం మీరే వెళ్లి క్లాసంతా కూర్చుని చూడండి. జంటలుగా నిజంగా పోరాడుతున్నారా, లేక గాల్లో కదలికలేనా? ఒకరు తట్టగానే రెండోవాడు వదులుతున్నాడా? కోచ్ దాన్ని గమనిస్తున్నాడా? మ్యాట్ రోజూ తుడుస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. ఈ ఆటలో తామర త్వరగా అంటుకుంటుంది.

పది తర్వాత గ్రూపు ఎంచుకునేటప్పుడు బైపీసీ వైపు మొగ్గు ఉంటే ఫిజియోథెరపీ గుర్తుంచుకోండి. ఆటగాళ్ల మోకాళ్లు, భుజాలు తెలిసిన ఫిజియోకు పని దొరుకుతుంది. డిగ్రీ చేసి బీపీఎడ్ (వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ) వైపు వెళ్లే దారి కూడా ఉంది. జూడో కోచ్ ఎవరు, ఈ ఏడాది జిల్లా ఎంపికలు ఎప్పుడు అనే వివరాలు మీ జిల్లా యువజన, క్రీడల కార్యాలయంలో చెబుతారు. వెళ్లేటప్పుడు అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లండి, ప్రశ్నలు అతన్నే అడగనివ్వండి.