మానిప్యులేషన్ అంటే ఏమిటి? గ్యాస్‌లైటింగ్ కూడా అదేనా?

మానిప్యులేషన్ అంటే తన ఉద్దేశం దాచిపెట్టి, ఎదుటివాళ్ల భయాన్నో జాలినో ప్రేమనో వాడుకుని తనకు కావలసింది చేయించుకోవడం; గ్యాస్‌లైటింగ్, అంటే ఎదుటివాళ్లకు తమ జ్ఞాపకం మీదే అనుమానం పుట్టించడం, అందులో ఒక రకం. మానిప్యులేషన్ మనల్ని ఆలోచించనివ్వకుండా మనసును లాగుతుంది. నిర్ణయం మాత్రం మనదే అనిపిస్తుంది, అందుకే దాన్ని వెంటనే గుర్తుపట్టలేం.

రూపాలు చాలానే ఉన్నాయి. అలిగి మాటలు మానేయడం, మొదట ప్రేమ కుమ్మరించి తర్వాత లెక్క అడగడం, ‘నీకోసం ఇంత చేశానే’ అని దెప్పడం. వీటిలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది గ్యాస్‌లైటింగే. ఈ పేరు ‘గ్యాస్ లైట్’ అనే 1938 నాటి ఇంగ్లిష్ నాటకం నుంచి వచ్చింది. అందులో భర్త, భార్యకు మతి చెడిందని ఆమెనే నమ్మించబోతాడు.

ఇంట్లో ఇది ఎలా ఉంటుందంటే: ‘మొన్న బీరువాలోంచి ఐదువేలు తీశారుగా?’ అని భార్య అడుగుతుంది. తీసింది ఆయనే. ‘నేనెప్పుడు తీశాను? నీకీమధ్య మతిమరుపు ఎక్కువైంది’ అంటాడు. ఇలాంటివి నెలల తరబడి వింటే, తాళం వేశానో లేదోనని ఆమె రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకునే స్థితి వస్తుంది. డబ్బు సంగతి అటుంచితే, తన జ్ఞాపకం మీదే నమ్మకం పోతుంది.

చాలామంది పొరబడేదొకటి ఉంది: ఒప్పించడమంతా మానిప్యులేషనే అనుకోవడం. కారణం దాచకుండా చెప్పి, ‘వద్దు’ అంటే ఊరుకునేవాళ్లు చేసేది మానిప్యులేషన్ కాదు. అలాగే, జరిగినదాన్ని ఇద్దరు ఒకసారి వేరువేరుగా గుర్తుపెట్టుకుంటే అది గ్యాస్‌లైటింగ్ అయిపోదు. అది మామూలు మతిమరుపే.