రెండు గదుల ఆర్ట్ మ్యూజియంని వికలాంగులకు అనువుగా మార్చాలంటే ముందు ఏం చేయాలి?

మీకున్నవి రెండు గదులు, డబ్బు తక్కువ, పనివాళ్లు ఇద్దరో ముగ్గురో. వికలాంగులు కూడా వచ్చి చూసేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. చాలామంది ర్యాంపుతో మొదలుపెట్టమంటారు. నేను మనిషితో మొదలుపెట్టమంటాను. బొమ్మ ముందు నిలబడి అందులో ఏముందో విడమరిచి చెప్పగల ఒక్క మనిషిని తయారు చేసుకోండి.

మా నాన్న హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. రిటైరయ్యాక గ్లకోమాతో చూపు మెల్లమెల్లగా పోయింది. బ్రెయిలీ ఆయనకి రాదు. పెద్ద వయసులో చూపు పోయినవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. మ్యూజియం వాళ్లేమో బొమ్మ పక్కన బ్రెయిలీ పలక బిగించేసి, ఫొటో తీయించుకుని, పని పూర్తయిందనుకుంటారు. చూపు లేని మనిషి ఆ పలక గోడ మీద ఎక్కడుందని వెతుక్కోవాలి? ఒకచోట దాన్ని అద్దం లోపల పెట్టారు. వేలు తగలకుండా ఎవరు చదువుతారు?

నాన్నకి గ్యాలరీలంటే ప్రాణం. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయిన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గురించి పిల్లలకి ఎంత చెప్పినా ఆయనకి తనివి తీరేది కాదు. చూపు పోయాక కూడా ఎక్కడైనా బొమ్మలు పెట్టారంటే తీసుకెళ్లమనేవారు. అలా మా గోదావరి వైపు ఒక చిన్న చిత్రశాలకి వెళ్లాం. పేరు చెప్పను. గేటు దగ్గరే వాచ్‌మన్ నన్ను పక్కకి పిలిచి, "చూపు లేని పెద్దాయన్ని బొమ్మల దగ్గరికి తీసుకొచ్చి ఏం చేస్తారమ్మా, ఎండలో శ్రమ తప్ప" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదు. కానీ ఆ మాట నాన్నకి వినపడింది.

లోపల టికెట్లు చింపే కుర్రాడు ఒకడు మా వెంట వచ్చాడు. ఒక నీటిరంగుల బొమ్మ ముందు ఆగి కింద చీటీ చదివాడు. రేవు, పడవలు, అంతే రాసుంది. నాన్న అడిగారు, "ఎండ ఎటు నుంచి పడుతోంది బాబూ?"

వాడు కాసేపు చూశాడు. "ఎడం పక్క నుంచండి. నీడలన్నీ కుడి పక్కకి పడ్డాయి."

"పొద్దునా, సాయంత్రమా?"

"ఆడవాళ్లు బిందెలు తోముతున్నారండి. పొద్దున్నే అయ్యుంటుంది మాస్టారూ."

"తెరచాప ఏ రంగు?"

"ఇటుక రంగండి... కాదండి, తడిసిన ఇటుక."

"నీళ్ల మీద కాగితం తెల్లగా వదిలేశాడా?"

వాడు వంగి, ఇంకా దగ్గరికి వెళ్లి చూశాడు. "వదిలేశాడండి. పడవ పక్కన సన్నటి గీతలాగా ఉంది. ఇన్నాళ్లూ అక్కడ తెల్లరంగు వేశారనుకున్నానండి."

నాన్న ముఖం అలా వెలిగిపోవడం చూపు పోయాక నేను చూడలేదు. నీటిరంగుల్లో మామూలుగా తెలుపు రంగు వేయరనీ, కాగితాన్నే వదిలేస్తారనీ అక్కడే నిలబడి వాడికి పాఠం చెప్పారు. ఆ బొమ్మ రోజూ చూసే కుర్రాడు ఆ రోజే దాన్ని సరిగ్గా చూశాడు. ఇంతలో ఒక ఆఫీసరు వచ్చి, "గైడ్ సౌకర్యం లేదిక్కడ, నీ కౌంటర్ దగ్గరికి నువ్వు పో" అని వాణ్ణి పంపించేశాడు. తర్వాత గదిలో ఉన్న రాతి నందిని ఒక్కసారి తాకొచ్చా అని నాన్న అడిగితే కుదరదన్నారు. అలాంటి రాతి విగ్రహాలే నాలుగు బయట ఆవరణలో వానకి తడుస్తూ, కాకుల రెట్టలతో ఉన్నాయి. వాటినైనా తాకనివ్వండి అంటే రూల్స్ ఒప్పుకోవన్నారు. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

చేతి చెమట, జిడ్డు కంచు విగ్రహాలకీ, రంగులు వేసిన చెక్కకీ, కాగితానికీ చేటు చేస్తాయి. నిజమే, వాటిని కాపాడాలి. కానీ ఎండావానల్లో వదిలేసిన నల్లరాతికి ఒక ముసలాయన వేళ్లు తగిలితే ఏమవుతుంది? అసలువి ఇవ్వలేకపోతే నకళ్లు పెట్టండి. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో 'అనుభవ్' అని తాకి చూసే గ్యాలరీ తెరిచారు. అక్కడ తాకడానికి పెట్టినవి నకళ్లే. అంత ఖర్చు మీరు పెట్టలేరు, పెట్టక్కర్లేదు కూడా. ఆళ్లగడ్డలో, దుర్గిలో రాయి చెక్కేవాళ్లున్నారు. పెడనలో కలంకారీ అచ్చులు అరిగిపోయాక పక్కన పడేస్తారు. చెక్క మీద చెక్కిన ఆ పువ్వు వేలికి ఎంత బాగా తెలుస్తుందో! కొండపల్లి బొమ్మ పూర్తయినది ఒకటి, దాని పక్కన తెల్లపొణికి చెక్క ముక్క ఒకటి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కు ఎండబెట్టి ఒకటి పెట్టండి. బొమ్మ ఎలా పుట్టిందో చేతికి అర్థమవుతుంది. ఒక కాన్వాసు ముక్క మీద ఆయిల్ రంగు మందంగా పూసి ఆరనివ్వండి. చూపున్న పిల్లలు కూడా ఆ బల్ల వదలరు, చూడండి.

ఇలా తాకాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది. సాలార్‌జంగ్‌లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా ముందు నాన్న మమ్మల్ని నిలబెట్టి, పాలరాయి పల్చటి బట్టలా ఎలా కనిపిస్తోందో చూడండి అనేవారు. ఆ ముసుగు మడతల వరకైనా ప్లాస్టర్‌లో పోసి పక్కన పెడితే ఎంతమంది తృప్తి పడతారో.

ఇక చెప్పేవాళ్ల సంగతి. పెద్ద ట్రైనింగ్ అక్కర్లేదు. బొమ్మ ఎంత పెద్దది, దేని మీద వేశారు, ఎడమ నుంచి కుడికి ఏమేం ఉన్నాయి, వెలుగు ఎటు నుంచి, రంగులు ఎలాంటివి, ఈ వరసలో చెప్పడం నేర్పండి. "చాలా అద్భుతంగా ఉంది" లాంటి మాటలు వద్దు, అవి వినేవాళ్లకి ఏమీ ఇవ్వవు. బొమ్మ గురించి బాగా చెప్పేవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. కౌంటర్ దగ్గర వాట్సాప్‌లో పంపితే చాలు, ఎవరి ఫోన్లో వాళ్లు వింటారు. అవే మాటలు తెలుగులో టైపు చేసి పంపితే వినపడనివాళ్లు చదువుకుంటారు. సైన్ లాంగ్వేజ్ వచ్చినవాళ్లతో ఒక వీడియో కూడా చేయించగలిగితే మరీ మంచిది. చీటీలు మాత్రం దయచేసి పెద్ద అక్షరాలతో వేయండి. ఇత్తడి రేకు మీద బంగారు రంగు అక్షరాలు, అదీ ఇంగ్లీషులో మాత్రమే, ఎవరి కోసం?

ర్యాంపు వద్దనడం లేదు. కానీ లెక్క ప్రకారం కట్టండి. 6 అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు అడుగున్నర. 1:12 వాలుకి, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల చొప్పున, ర్యాంపు 18 అడుగుల పొడవుండాలి. మనవాళ్లు ఐదారు అడుగుల్లో సిమెంటు పోసేస్తారు. మా పిన్ని కూతురు వీల్‌చైర్‌లో తిరుగుతుంది. అలాంటి ర్యాంపు మీద నలుగురూ పట్టుకుని తోస్తుంటే తను సిగ్గుతో చచ్చిపోతుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017లో రూల్స్ వచ్చాయి. పాత భవనాలని సైతం ఐదేళ్లలో మార్చాలన్నారు. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల నివేదిక కూడా చూసి, ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలంది. అయినా ర్యాంపు మీద పూలకుండీలు, వీల్‌చైర్ పట్టే బాత్రూంలో చీపుర్లు, పాత బ్యానర్లు! ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

గదికి రెండు కుర్చీలైనా వేయండి, వీపు ఆనేవి. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఏ సర్టిఫికెట్టూ ఉండదు, కానీ నిలబడలేరు. గోల తట్టుకోలేని పిల్లలున్న తల్లిదండ్రులకి వారంలో ఒక గంట, జనం లేనప్పుడు, లైట్లు తగ్గించి ఇవ్వండి.

ఇవేవీ మొదలుపెట్టకముందే మీ ఊళ్లోనే చూపు లేనివాళ్లని, వినపడనివాళ్లని, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లని పిలిచి గదులు చూపించండి. ఆటో చార్జీ, ఒక రోజు కూలి చేతిలో పెట్టండి, అలా చూసి చెప్పడం కూడా పనే కాబట్టి. వాళ్లు ఆటో దిగిన చోటు నుంచే నోట్సు రాసుకోండి. ఎక్కడ ఆగారో, ఎవర్ని ఏం అడిగారో, మీవాళ్లు ఏం జవాబిచ్చారో రాసిపెట్టుకుని, ఆ కాగితం చేతిలో ఉన్నాకే మేస్త్రీని పిలవండి.