బోటుకి ‘శీర్షిక’ ఉండదు, ముఖం ఉంటుంది

సందేహం: వేట నిషేధం రోజుల్లో మరపడవల సరంగులకి జీపీఎస్ చార్ట్‌ప్లాటర్ (బోటు ఎక్కడుందో సముద్రపు చార్ట్ మీద చూపే తెర ఉన్న యంత్రం) వాడటం నేర్పిస్తున్నాం. ఇంగ్లిష్ పుస్తకాన్ని కంప్యూటర్‌తో తెలుగు చేయిస్తే ‘హెడింగ్’ కాస్తా ‘శీర్షిక’ అయింది. ‘బేరింగ్’ అలాగే ఉండిపోయింది. ‘రూట్’, ‘ట్రాక్’ రెండూ ‘మార్గం’ అయ్యాయి. వీటికి సరైన మాటలేమిటి? చార్ట్‌ని పటం అనొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు ఆ శీర్షికని కొట్టేయండి. హెడింగ్ అంటే ఇంగ్లిష్‌లో వ్యాసానికి పెట్టే పేరూ అవుతుంది, తల ఎటు తిరిగి ఉందో చెప్పేదీ అవుతుంది. మన శీర్షికకి ఆ రెండో అర్థం లేదు. దానికి మాట మన ఇళ్ల దగ్గరే ఉంది. ‘ఇల్లు తూర్పు ముఖం’ అంటాం కదా, ‘బోటు తూర్పు ముఖం’ అనండి. సరంగుకి ఇంకేమీ వివరించక్కర్లేదు.

అయితే ముఖం ఒకవైపు, పోవడం ఇంకోవైపు అన్నది సముద్రంలో రోజూ ఉండేదే. తూర్పుకి తిప్పి నడిపినా, నీరు ఉత్తరానికి లాగుతుంటే బోటు ఈశాన్యానికి జరుగుతుంది. తెర మీద హెచ్‌డీజీ (హెడింగ్) అని కనిపించేది ముఖం, సీఓజీ (కోర్స్ ఓవర్ గ్రౌండ్) అని కనిపించేది నడక, అంటే బోటు నిజంగా పోతున్న దిక్కు. ఈ తేడా నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. రేవులో ఒక సరంగు ఇంజన్ ఆపి చూపించాడు. అప్పటిదాకా తెర మీద సూటిగా ఉన్న బోటు బొమ్మ, బోటు ఆగగానే ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరగడం మొదలెట్టింది. బోటు మాత్రం తిరగలేదు. ఆ యంత్రానికి విడిగా దిక్సూచి కలపలేదు. వట్టి జీపీఎస్‌కి తెలిసేది బోటు ఉన్న చోటు. ఎటు పోతున్నామో కదిలితేనే లెక్కగడుతుంది. అంటే ఆ బొమ్మ చూపిస్తున్నది నడకని, ముఖాన్ని కాదు. మాట సరిగ్గా ఉంటే టెన్షన్ పడకుండా ఈ సంగతి అర్థమవుతుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఇక బేరింగ్‌కి ‘గురి’ చక్కగా సరిపోతుంది. మనమున్న చోటు నుంచి, చేరాల్సిన చోటు ఏ దిక్కున ఉందో చెప్పేది అదే. ఆ చేరాల్సిన చోటు, అదే వేపాయింట్, ‘గుర్తు’.

రూట్, ట్రాక్ రెండింటికీ ఒకే మాట పెట్టడం పెద్ద పొరపాటు. రూట్ వెళ్లబోయేది, ట్రాక్ వెళ్లివచ్చింది. మొదటిది ‘దారి’, రెండోది ‘జాడ’. తెర మీద బోటు వెనక గీతలా మిగిలేది జాడే. చీకట్లో రేవుకి తిరిగొచ్చేటప్పుడు పొద్దున వెళ్లిన జాడ పట్టుకుని రమ్మనండి, వింటున్నవాళ్లకి అరక్షణం పట్టదు.

పటం అని నిరభ్యంతరంగా అనొచ్చు. సంస్కృతంలో పటం అంటే గుడ్డ. గుడ్డ మీద వేసిన బొమ్మ పటమైంది. దేవుడి పటం, దేశపటం, గాలిపటం అలా వచ్చినవే. ఇంగ్లిష్ ‘మ్యాప్’ కూడా గుడ్డ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే పుట్టింది. బోటు వేగాన్ని చెప్పే నాట్‌ని మాత్రం ‘ముడి’ చేయకండి. గంటకి 1,852 మీటర్లు అంటే ఒక నాట్, అంతే.

మీరు అడగకపోయినా ఇంకో రెండు. ‘నార్త్ అప్’ని ‘ఉత్తరం పైకి’, ‘హెడ్ అప్’ని ‘ముఖం పైకి’ అనండి. ‘ఉత్తరం పైకి’ పెడితే పటం తిరగదు, బోటు బొమ్మ తిరుగుతుంది. పడమర ముఖంగా ఒడ్డుకి వస్తున్నప్పుడు ఎడమచేతి వైపున్నది తెర మీద కింద కనిపిస్తుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

రెండోది జూమ్. మన వాడుకలో ‘జూమ్ చెయ్యి’ అంటే పెద్దది చెయ్యమనే. అందుకని జూమ్ అవుట్‌ని ‘చిన్నది చెయ్యి’ అని విడిగా రాయండి. పటం చిన్నదైతే అందులోని వివరాలు కొన్ని మాయమవుతాయని కూడా పక్కనే రాయండి. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచం చుట్టొచ్చే తెరచాప పడవల పోటీలో ‘టీమ్ వెస్టాస్ విండ్’ పడవ మారిషస్‌కి ఈశాన్యాన పగడపు దిబ్బల మీదికి ఎక్కేసింది. ఆ పడవలోని పటంలో దిబ్బలు ఉన్నాయి. కానీ తగినంత పెద్దది చేస్తే తప్ప కనిపించవు.