ఇంజెక్షన్ కంప్యూటర్ కొనే ముందు ట్యాంకు మూత తీసి చూడండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 1991 మోడల్ బీఎండబ్ల్యూ కే75 బైక్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఊళ్లో తిరిగినంతసేపు బాగానే ఉంటుంది. హైవే ఎక్కి స్పీడు పెంచితే మాత్రం పికప్ తగ్గిపోయి, ఇంజన్ ఆగిపోతోంది. కాసేపాగి స్టార్ట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. పంపు శబ్దం వస్తోంది, ఎక్కడా పెట్రోల్ కారడం లేదు. ఇంజెక్షన్ కంప్యూటర్ పోయి ఉంటుందని ఒక మెకానిక్ చెప్పాడు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ చూస్తే నాకు అనుమానం ట్యాంకు లోపలి రబ్బరు పైపు మీద. కంప్యూటర్ ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు.

ఈ బండిలో పెట్రోల్ పంపు, ఫిల్టర్ రెండూ ట్యాంకు లోపల పెట్రోల్‌లోనే మునిగి ఉంటాయి. వాటిని కలిపేది జానెడు రబ్బరు పైపు. పంపు దాదాపు 2.5 బార్, అంటే 36 పీఎస్‌ఐ ప్రెషర్‌తో ఆ పైపులోంచి పెట్రోల్‌ను ఇంజన్ వైపు నెడుతుంది. పైపు పగిలితే పెట్రోల్ అక్కడే, ట్యాంకులోకే చిమ్ముతుంది. అందుకే బయట చుక్క కారదు, వాసన కూడా రాదు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు మిగిలిన ప్రెషర్ సరిపోతుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పారంటే చాలదు.

మరి కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదా? తెలియదు. కే75లో ఉన్నది బాష్ ఎల్ఈ-జెట్రానిక్ అనే పాతకాలపు ఇంజెక్షన్ వ్యవస్థ. లోపలికి వచ్చే గాలిని ఒక రేకు తలుపు కదలికతో కొలిచి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో లెక్క కడుతుంది. ప్రెషర్ ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందన్న నమ్మకం మీదే ఆ లెక్కంతా నడుస్తుంది. కుళాయి ఎంతసేపు తిప్పాలో లెక్కగా తెలిసి, పైన ట్యాంకులో నీళ్లున్నాయో లేదో తెలియని మనిషి లాంటిది అది. ప్రెషర్ సెన్సర్ లేదు, లోపాలను గుర్తుపెట్టుకునే మెమరీ లేదు. స్కానర్ పెట్టినా ఏమీ దొరకదు.

కాబట్టి ముందు ట్యాంకు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే బయటి పైపుకు టీ జాయింట్‌తో ప్రెషర్ గేజ్ పెట్టించండి. ముల్లు 36కి బాగా కిందే ఉండిపోయినా, రేస్ చేసినప్పుడు పడిపోయినా ట్యాంకు తెరవాల్సిందే. తప్పు పైపుది కాక ఫిల్టర్‌దో, పంపు అడుగున ఉండే జాలీదో అయినా అదీ అక్కడే బయటపడుతుంది.

అసలు జాగ్రత్త పైపు కొనేటప్పుడు కావాలి. ఆటో పార్ట్స్ షాపులో ‘ఫ్యూయల్ ఇంజెక్షన్ హోస్’ అని అడిగితే చాలామంది ఎస్ఏఈ (అమెరికా ఆటో ఇంజనీర్ల సంస్థ) ప్రమాణంలో 30ఆర్9 అనే రకం ఇస్తారు. ప్రెషర్‌కు అది తట్టుకుంటుంది, కానీ దాని లోపలి పొర ఒక్కటే పెట్రోల్ కోసం చేసింది. పై పొర ఎండకు, వేడికి, గాలికి తట్టుకోవడానికి. రోజంతా పెట్రోల్‌లో నానితే ఆ పొర ఉబ్బి మెత్తబడుతుంది. కోసిన చివర కనిపించే దారాల అల్లికలోంచి కూడా పెట్రోల్ లోపలికి పాకుతుంది. బండి పాత యజమాని ఎవరో ఇదే పైపు వేసి ఉంటే మీ ఇబ్బందికి కారణం అదే కావచ్చు. మీకు కావాల్సింది ఎస్ఏఈ 30ఆర్10. లోపలా బయటా పెట్రోల్‌లో మునిగి ఉండటానికే చేసిన రకం. ఆ నంబరు పైపు మీదే అచ్చు వేసి ఉంటుంది, కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. ధర చాలా ఎక్కువ. అయినా ఇక్కడ బేరం చూసుకోవద్దు. లోపలి వ్యాసం సాధారణంగా 8 మిల్లీమీటర్లు. పాత పైపు తీసి కొలుచుకుని తెచ్చుకోండి.

క్లిప్పుల విషయంలోనూ అంతే. పట్టీకి గాట్లు ఉండి స్క్రూతో బిగించే మామూలు క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. నున్నటి పట్టీ ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు తీసుకోండి.

పని ఆరుబయట చేయండి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ట్యాంకు ఖాళీ చేయండి. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గ్యారేజీలో ఈ పని అసలే వద్దు, పెట్రోల్ ఆవిరి నేల వెంబడి పాకి మంట దాకా వెళ్తుంది. మూత చుట్టూ ఉన్న స్క్రూలు తీస్తే చెయ్యి పట్టేంత దారి వస్తుంది. దేన్నీ కదపకముందే వైర్లకూ ఫిల్టర్ మీది బాణం గుర్తుకూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పంపును పట్టి ఉంచే రబ్బరు తొడుగును వేలితో నొక్కి చూడండి. వేలికి నల్లగా జిగురు అంటుకుంటే అదీ కరిగిపోతున్నట్టే. ఆ జిగురే జాలీని మూసేస్తుంది. తొడుగు, జాలీ, ఫిల్టర్, పైపులు అన్నీ ఒకేసారి మార్చి, ట్యాంకు అడుగు శుభ్రంగా తుడవండి. బిగించాక గేజ్ ఇంకోసారి చూడండి. అప్పటికీ ప్రెషర్ సరిగ్గా ఉండి బండి ఆగిపోతుంటే అప్పుడు కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: గుంటూరులో నాన్నగారి పాత యెజ్డీ ఉంది. ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే కదా, ట్యాంకు లోపలి పైపులు మార్చాలా?

జవాబు: మీ బండి ట్యాంకులో మార్చడానికి పైపులే లేవండీ. పంపు లేదు, పెట్రోల్ పైనుంచి దానంతటదే కాక్ (ట్యాంకు కింది కుళాయి) గుండా కార్బురేటర్‌లోకి దిగుతుంది. చూడాల్సినవి కాక్‌లోని రబ్బరు వాషర్లు, కార్బురేటర్ గిన్నె గ్యాస్కెట్, బయటి పైపు. ఆ కాలపు రబ్బరును 20 శాతం ఇథనాల్ కోసం చేయలేదు. బయటి పైపుకు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం వేసి ఉంటే గట్టిపడి చివర్ల దగ్గర వదులవుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు పైపు వేయించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, బండి నెలల తరబడి తీయనప్పుడు ట్యాంకు, కార్బురేటర్ గిన్నె రెండూ ఖాళీ చేయండి. ఖాళీ ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల కాస్త టూస్ట్రోక్ ఆయిల్ పోసి, అన్ని వైపులా తగిలేలా తిప్పి ఉంచండి.