క్యాన్ నీళ్లే తాగిస్తున్నా బాబుకు విరేచనాలు ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా బాబుకు నాలుగేళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఒకసారి సెలైన్ కూడా ఎక్కించారు. ఇంటికి భగీరథ నల్లా ఉంది గానీ బ్లీచింగ్ వాసన వస్తుందని ఆ నీళ్లు తాగం. ఊళ్లోని ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటాం. అయినా ఎందుకిలా అవుతోంది? ఇంట్లో ఫిల్టర్ పెట్టించుకోమంటారా? మళ్లీ వస్తే ఏం చెయ్యాలి? టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. విరేచనం ఒకటి రెండుసార్లు కాగానే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి, సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. ఆశ కార్యకర్త దగ్గరో అంగన్‌వాడీలోనో ప్యాకెట్లు ముందే అడిగి ఇంట్లో పెట్టుకోండి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో చిటికెడు చిటికెడు వేస్తే పాళ్లు తప్పుతాయి. విరేచనం అయిన ప్రతిసారీ అర గ్లాసు నుంచి గ్లాసు దాకా, చెంచాతో నెమ్మదిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. కలిపి 24 గంటలు దాటితే పారబోయండి. దాంతోపాటు జింకు మాత్ర 20 మిల్లీగ్రాములది రోజుకొకటి, 14 రోజులు. మూడో రోజుకి తగ్గిందని చాలామంది ఆపేస్తారు. మీ బాబులా మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలకు ఆ మిగతా రోజుల మాత్రలే ఎక్కువ అవసరం.

షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే పళ్ల రసం రుచితో ఉండే తియ్యటి డబ్బా ఇస్తే తీసుకోకండి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆ డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దంది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

తిండి మాన్పించకండి. పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు పెట్టొచ్చు. పథ్యం పేరుతో నాలుగు రోజులు బన్నూ టీతో సరిపెట్టిన పిల్లలు ఎంత నీరసపడతారో రోజూ చూస్తున్నాను. విరేచనంలో రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా పడుకున్నా, ఏం తాగినా కక్కేస్తున్నా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. విరేచనాలు కట్టేసే మాత్రలు పిల్లలకు వద్దు. నీళ్ల విరేచనాలకు మామూలుగా యాంటీబయాటిక్‌తో పని లేదు.

ఇక నీళ్ల సంగతి. మీరు వద్దనుకున్న ఆ బ్లీచింగ్ వాసనే నీళ్లకు కాపలా. నల్లా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నిబంధన. అది ఉన్నంతసేపు తర్వాత పడే క్రిములను కూడా చంపుతుంది. ప్లాంటు నీళ్లలో ఆ క్లోరిన్ ఉండదు. ఆర్‌ఓ నీళ్లు యంత్రం నుంచి శుభ్రంగానే రావచ్చు, కానీ క్యాన్ మూతిలోంచి వేలు పెట్టి చూడండి, జారుడుగా పాకుడు తగులుతుంది. మూతి సన్నం, బ్రష్ దూరదు, కొంచెం నీళ్లు పోసి ఆడించి మళ్లీ నింపుకుంటాం. ఆ నీళ్లు బిందెలో పోశాక గ్లాసు ముంచుతాం, గ్లాసుతో పాటు నాలుగు వేళ్లూ మునుగుతాయి.

ఆర్‌ఓ దండగ అనడం లేదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన మనుషులను చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు ఆర్‌ఓ కావాలి, కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. మీకొచ్చేది శుద్ధి చేసిన నది నీరు. మీ బాధ క్రిములతో, ఫ్లోరైడ్‌తో కాదు. కాబట్టి ఫిల్టర్‌కు పెట్టే వేలు ప్రస్తుతానికి దాచుకోండి.

ఒకసారి వాకిట్లోకి వెళ్లి మీ నల్లా ఎలా ఉందో చూడండి. ప్రెషర్ చాలదని రెండు మూడు అడుగుల గుంత తవ్వి, అందులో పైపు కోసి, మూత లేకుండా వదిలేసిన నల్లాలు మన ఊళ్లలో వీధికి పది ఉంటాయి. వాన పడితే ఆ గుంతలో బురద, కోళ్ల రెట్టలు, గిన్నెలు కడిగిన నీళ్లు చేరతాయి. సరఫరా ఆగగానే పైపు ఆ మురికిని వెనక్కి పీల్చుకుంటుంది. మర్నాడు అదే ముందుగా వస్తుంది, మీ ఇంట్లోనే రావాలని లేదు, పక్కింట్లోనూ రావచ్చు. ఎవరైనా నల్లాకు మోటారు బిగిస్తే పైపు పగుళ్లలోంచి మురుగును లాగేస్తుంది. పీహెచ్‌సీలో పనిచేసిన రోజుల్లో ఒక ఊళ్లో ఒకే వరస ఇళ్లలో విరేచనాలు వస్తుంటే మందులిస్తూ పోయాం. మూడో రోజు వాటర్‌మన్ చూపించాడు, ఆ వరస పైపు మురుగు కాలువ అడుగు నుంచే వెళ్తోంది, జాయింటు ఊడిపోయి ఉంది. ముందే కాలువ వెంట నడవాల్సింది, నాకు తోచలేదు.

మీరు నల్లా నీళ్లు తాగరు సరే, గ్లాసులు కడిగేది, పళ్లు తోమించేది వాటితోనే కదా. గుంత పూడ్చి, నల్లాను నేల మీద నుంచి అడుగున్నర ఎత్తుకు లేపించి, తిప్పే ట్యాప్ బిగించండి. మొదటి రెండు బిందెలు మొక్కలకు పోసి, తర్వాతి నీళ్లే తాగడానికి పట్టుకోండి. వాసన ఇబ్బందైతే మూతపెట్టి రాత్రంతా ఉంచండి, చాలావరకు తగ్గుతుంది. వాసనే రాని రోజు అనుమానించాలి. ఆ రోజు కాచి చల్లార్చి తాగండి, లేదా ఏఎన్‌ఎం ఇచ్చే క్లోరిన్ మాత్ర పొట్లం మీద రాసినట్టు వేసి అరగంట ఆగండి. బిందెకు కింద ట్యాప్ ఉన్నది కొనండి, కుదరకపోతే పొడుగు కాడ గరిటె వాడండి.

మీరు రాయలేదు గానీ అడగక తప్పదు: బాబు దొడ్డికి ఎక్కడ కూర్చుంటాడు? మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కూడా చిన్నపిల్లలను వాకిట్లోనో కాలువ పక్కనో కూర్చోబెడతారు. చిన్నపిల్లల మలానికి దోషం లేదనుకుంటారు. నిజానికి క్రిములు అందులోనే ఎక్కువ ఉండొచ్చు. అది మరుగుదొడ్డిలోనే పడాలి, కడిగిన చెయ్యి సబ్బుతో తోమాలి, నానమ్మ చెయ్యి కూడా. గుంత మరుగుదొడ్డి బోరుకు పది మీటర్ల లోపు ఉంటే ఆ బోరు నీళ్లు తాగకండి.

పంచాయతీలో రెండు అడగండి. ట్యాంకు చివరిగా ఎప్పుడు కడిగారు? చివరి ఇంటి నల్లా దగ్గర క్లోరిన్ ఎంత వస్తోంది? చిన్న గొట్టంలో నీళ్లు పోసి పరీక్ష మందు రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, రాలేదంటే క్లోరిన్ లేనట్టే. రెండు నిమిషాల పని, మీ ఎదురుగా చెయ్యమనండి. ఒక్కరే వెళ్లకండి, మీ వీధి ఆడవాళ్లు నలుగురు కలిసి వెళ్లండి.

మూడుసార్లు వచ్చింది కాబట్టి ఈ వారంలోనే బాబుకు మల పరీక్ష చేయించండి. జియార్డియా లాంటి పేగు క్రిములు ఉంటే అవి వాటంతట అవి పోకపోవచ్చు, వేరే మందు కావాల్సి రావచ్చు. అంగన్‌వాడీలో బరువు తూయించి, జూన్‌లో కార్డు మీద రాసిన బరువుతో పోల్చండి. తగ్గి ఉంటే రిపోర్టుతో పాటు ఆ కార్డు కూడా పిల్లల డాక్టరుకు చూపించండి.