మా తాబేలు అద్దం గోకుతూనే ఉంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా బాబు పోరు పడలేక రెండేళ్ళ కిందట ఒక రష్యన్ టార్టాయిస్‌ని కొన్నాం. గ్లాస్ ట్యాంకులో పెట్టాం, షాపు వాళ్ళు చెప్పినట్టే లైట్లు అవీ అన్నీ ఉన్నాయి. తిండి బానే తింటుంది కానీ పొద్దస్తమానం అద్దాన్ని గోకుతూ అటూ ఇటూ తిరుగుతుంది, లేదంటే ఓ మూల పడుకుంటుంది. తాబేలంటే అంతే కదా అంటారు మా ఆయన. నాకు మాత్రం పాపం దానికి తోచట్లేదేమో అనిపిస్తోంది. బాబేమో బొమ్మలు కొందాం అంటున్నాడు. నిజంగా తాబేళ్ళకి అలాంటివి కావాలా?

జవాబు: మీకనిపించిందే కరెక్టండీ. తాబేలంటే అంతే అనుకోబట్టే చాలా ఇళ్ళల్లో అవి ఏళ్ళ తరబడి అలా మూలన పడుంటున్నాయి. మీ రష్యన్ తాబేలు సొంతూరు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వైపు ఎండు మైదానాలు. అక్కడ చలికాలం చలికీ, ఎండాకాలం వేడికీ ఆగలేక ఏడాదిలో చాలా నెలలు బొరియలోనే గడుపుతుంది, బయటికొచ్చిన ఆ కొద్ది నెలల్లో మాత్రం తెగ తిరుగుతుంది, మేస్తుంది, తవ్వుతుంది. గట్టి ప్రాణం కూడా. 1968 సెప్టెంబర్‌లో సోవియట్ వాళ్ళు జోండ్ 5 అనే అంతరిక్ష నౌకలో పంపింది ఈ జాతి తాబేళ్ళనే, రెండూ చంద్రుడి చుట్టూ తిరిగి ప్రాణాలతో వెనక్కొచ్చాయి, మనుషులు ఆ చుట్టు తిరగడానికి మూడు నెలల ముందే! అలాంటి జీవిని నాలుగు అద్దాల మధ్య పెట్టి పళ్ళెంలో ఆకులు వేస్తే రోజంతా ఏం చేస్తుంది చెప్పండి. దానికి కావాల్సింది పని. నడవాలి, తవ్వాలి, తిండి వెతుక్కోవాలి.

ముందు ఆ అద్దం సంగతి చూద్దాం. అవతలేముందో కనిపిస్తుంది, వెళ్దామంటే దారి లేదు, అక్కడేదో అడ్డముందని దానికి అర్థం కాదు, అందుకే గోకుతుంది. ఇవాళే ట్యాంకు చుట్టూ బయటి వైపు కింద నుంచి ఓ అడుగు ఎత్తు వరకు గోధుమరంగు కాగితం అంటించేయండి. చాలావాటికి దీంతోనే సగం ఆందోళన తగ్గిపోతుంది. తర్వాత మెల్లగా ట్యాంకు మానేసి చెక్కతో పెద్ద తొట్టి చేయించండి, ఎనిమిదడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ ఉంటే మంచిది. ఒక చివర లైటు కింద 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, రెండో చివర చల్లగా ఉండాలి, ఎప్పుడెక్కడ ఉండాలో అది తేల్చుకుంటుంది. యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు వెలుగుతోంది కదా అని వదిలేయకండి, వెలుగు వస్తున్నా లోపల యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి కంపెనీ చెప్పిన టైముకి మార్చేయాలి. కిటికీ పక్కన పెట్టి ఎండ తగులుతోంది అనుకోవడం కూడా కరెక్టు కాదు, కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. చాలామంది వేడి, వెలుతురు సరిగ్గా లేకుండానే బొమ్మల గురించి ఆలోచిస్తారు, చలిగా ఉన్న తాబేలుకి ఏం పెట్టినా కదలదు.

ఇంకోటి, మీది ఆడదా మగదా రాయలేదు. ఆడదైతే మగది లేకపోయినా గుడ్లు పెట్టొచ్చు. తిండి మానేసి, వెనక కాళ్ళతో అక్కడా ఇక్కడా తవ్వుతూ కుదురు లేకుండా ఉంటే అది తోచకపోవడం కాదు, గుడ్లు పెట్టే చోటు దొరక్క తిప్పలు పడుతోందని. గుడ్లు లోపలే ఉండిపోతే ప్రాణం మీదకి వస్తుంది, వెంటనే సరీసృపాలు చూసే వెట్ దగ్గరకి తీసుకెళ్ళండి.

ఇక మట్టి. ట్యాంకు అడుగున చాలామంది ఓ అంగుళం చెక్కపొట్టు వేసి ఊరుకుంటారు, తవ్వే జంతువుకి అదేం సరిపోతుంది? మందులు కలపని తోటమట్టీ, కొంచెం ఇసుకా, కొబ్బరిపొట్టూ కలిపి ఒక పక్కన కనీసం దాని డిప్ప పొడవంత లోతు పోయండి, ఎక్కువైతే ఇంకా సంతోషం. పైపైన ఎండినా అడుగున కొంచెం తడి ఉండేలా చూడండి, అప్పుడే బొరియ కూలిపోకుండా నిలుస్తుంది. మట్టిలో సగం కూరిన పూలకుండీ ఒకటి అడ్డంగా పెడితే దాంట్లోంచి ఇంకా లోపలికి తవ్వుకుంటూ పోతుంది. చదునుగా కాకుండా ఓ చిన్న దిబ్బ, రెండు మూడు బల్లపరుపు రాళ్ళు, మధ్యలో అడ్డంగా ఓ కొయ్య ముక్క ఉంటే నడక బావుంటుంది. ఎత్తు మాత్రం జాగ్రత్త, ఎక్కబోయి లైటు కింద వెల్లకిలా పడితే మళ్ళీ తిరగలేక ఆ వేడికి చచ్చిపోయే ప్రమాదం ఉంది. రాళ్ళు దొర్లకుండా, తాబేలు అడుగున తవ్వినా మీద పడకుండా నేలకి ఆనించి పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ మార్పు తెచ్చేది తిండి పెట్టే పద్ధతి. పళ్ళెంలో పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది, మిగతా రోజంతా ఖాళీ. అదే ఆకుల్ని నాలుగైదు చోట్ల జల్లి, కొన్ని రాయి వెనకా కొన్ని కుండీలోనూ దాచి, రోజూ చోటు మారిస్తే వాసన పట్టుకుంటూ తిరుగుతుంది. ఇంకా మంచిది, ట్రేలో మట్టి పోసి డాండెలియన్, క్లోవర్ లాంటి కలుపు మొక్కలు పెంచి ఆ ట్రేనే లోపల మట్టిలోకి దించేయండి. అప్పుడు దగ్గర కూర్చుని చూడండి. ముక్కు ఆకు దాకా తెచ్చి కాసేపు వాసన చూస్తుంది, నోరు తెరిచి పట్టుకుంటుంది, ముందు కాళ్ళు రెండూ మట్టిలో తన్నిపెట్టి మెడ వెనక్కి లాగుతుంది, ఆకు పుటుక్కున తెగుతుంది. కోసి పెట్టిన ఆకుకి ఈ లాగుడు ఉండదు, జారిపోతూ ఉంటుంది. ఆ ఒక్క ఆకు కోసం మెడా కాళ్ళూ ముక్కూ అన్నీ పని చేస్తాయి, మనం కోరుకునేది అదే. జల్లే ఆకుల్ని కొన్నిసార్లు గరుకు రాయి మీద పెడితే పక్షి ముక్కులా ఉండే దాని నోటి అంచు కూడా అరుగుతుంది, పెరిగిపోయి వంకర తిరగదు.

మన ఇళ్ళల్లో మందారం ఉంటుంది కదా, పూలూ ఆకులూ రెండూ పెట్టొచ్చు, ముళ్ళు తీసిన నాగజెముడు కూడా. పాలకూర రోజూ వద్దు. పూజయ్యాక మిగిలిన అరటిపండు, యాపిల్ ముక్కలు ప్రేమగా పెడుతుంటారు కొందరు, దయచేసి మానేయండి, ఈ జాతి కడుపు పీచుకి అలవాటు పడింది, తీపి పడితే లోపల పులిసిపోయి విరేచనాలవుతాయి. లాన్ నుంచి కోసేటప్పుడు అక్కడ మందు కొట్టారో లేదో అడిగి మరీ కోయండి.

బాబు బొమ్మల మాట కూడా కాదనక్కర్లేదు, తాబేలు మింగలేనంత పెద్ద, గట్టి బంతి ఒకటి పెట్టి చూడండి, కొన్ని నెట్టుకుంటూ పోతాయి. కానీ ఎర్రవీ పసుపువీ చిన్న ప్లాస్టిక్ ముక్కలు వద్దు, పువ్వనుకుని కొరికేస్తుంది. అన్నీ ఒక్కరోజే మార్చకండి, ఒకటి మార్చి కొన్నాళ్ళు చూడండి, కొత్తది పెట్టినప్పుడు దాక్కుంటే కంగారు పడకండి. ముట్టుకున్నాక బాబు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు క్రిములు ఉండొచ్చు.

ప్రశ్న: ఒంటరిగా ఉందని తోడుకి ఇంకో తాబేలుని తెద్దామనుకుంటున్నాం. అప్పటిదాకా మొహం చూసుకునే అద్దం పెడితే తోడున్నట్టు ఉంటుందా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ వద్దండీ. తాబేళ్ళు చాలావరకు ఒంటరి జీవులు, రెండిటినీ చిన్న చోట పెడితే ఒకటి ఇంకోదాన్ని గుద్దడం, కాళ్ళు కొరకడం, తిండి దగ్గరికి రానివ్వకపోవడం జరుగుతుంది. పైకి పక్కపక్కనే పడుకున్నట్టు కనిపిస్తుంది, నిజానికి బలమైనది లైటు కింద చోటు ఆక్రమించుకుని ఉంటుంది. అద్దంలో తన బొమ్మని కూడా శత్రువే అనుకుని గుద్దుకునే మగవి ఉన్నాయి.

ప్రశ్న: మాది మదనపల్లి దగ్గర పల్లె. వానలు పడ్డాక చేలో నక్షత్ర తాబేలు దొరికింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అమ్మ అంటోంది. మీరు చెప్పే ఇవన్నీ దానికి చేసి పెంచుకోవచ్చా?

జవాబు: పెంచుకోకూడదు తమ్ముడూ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధించిన జాబితాలో చేర్చారు, ఎందుకంటే కలిసొస్తుందనే నమ్మకానికీ పెంపకానికీ వేల కొద్దీ మన చేలల్లోంచే ఎత్తుకుపోతున్నారు. మీ చేనే దాని ఇల్లు, వాన పడగానే మేతకి బయటికొచ్చింది అంతే. చూసిన చోటే వదిలేసి ఉంటే ఏ గొడవా లేదు. ఇప్పటికే ఇంటికి తెచ్చేసుంటే ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేసి అప్పజెప్పండి, వేరే ఊరి అడవిలో మాత్రం వదలొద్దు, దాని జబ్బులు అక్కడి వాటికి అంటుకుంటాయి. అమ్మగారికి చెప్పండి, చేలో తిరుగుతుంటే ఇంటికొచ్చిన కలిమికేం తక్కువ కాదని.

ప్రశ్న: నేను ఏడో క్లాసు, హైదరాబాద్. జూలో పెద్ద తాబేలు కదలకుండా ఉంది. దానికి బుర్ర ఉంటుందా?

జవాబు: బ్రహ్మాండంగా ఉంటుంది నాన్నా! వియన్నా జూలో పెద్ద తాబేళ్ళకి ఫలానా రంగు బంతిని కొరికితే తిండి పెడతామని నేర్పించారు. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ బంతి చూపిస్తే అవి ఏం చెయ్యాలో మర్చిపోలేదు, ఆ సంగతి 2019లో ప్రచురించారు. మన నెహ్రూ జూలో చాణక్య అని గాలపగోస్ దీవుల జాతి తాబేలు ఉండేది, 2024లో చనిపోయింది, 125 ఏళ్ళని చెప్పారు. అన్నేళ్ళు బతికే జీవి అన్ని రోజులూ ఒకేలా గడపడం ఎంత కష్టమో ఆలోచించు. గాలపగోస్‌లో అయితే చిన్న పిట్టలు వచ్చి వీటి ఒంటి మీద పిడుదులు ఏరుకు తింటాయి, పిట్ట రాగానే తాబేలు నాలుగు కాళ్ళ మీద నిటారుగా లేచి మెడ పొడుగ్గా సాగదీసి కదలకుండా నిలబడుతుంది. జూల్లో కీపర్లు మెడ గోకినా కొన్ని అలాగే లేస్తాయి. ఈసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున్నే మేత పెట్టే టైముకి వెళ్ళి ఓ పావుగంట చూడు, మెడ ఎటు తిప్పుతోందో, ఏ ఆకు ముందు తింటోందో రాసి పంపు.