ఉదయగిరి బాలకృష్ణుడు ఇప్పుడెక్కడ?

(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఊరు ఉదయగిరి. అక్కడి పాత గుడిలోని కృష్ణుణ్ణి రాయలవారు హంపికి తీసుకొనిపోయారని ఆమె చిన్నప్పుడు చెప్పేవారు. ఇది ఊళ్లో పుట్టిన కథా, లేక దీనికి ఆధారమేదైనా ఉన్నదా? ఆ విగ్రహం ఇంకా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

సమాధానం: మీ అమ్మమ్మగారు చెప్పినది నిజమే. అయితే సాక్ష్యం ఉదయగిరిలో కంటె హంపిలో గట్టిగా ఉన్నది. అక్కడి కృష్ణాలయ ప్రాంగణంలో నిలబెట్టిన రాతిపలక మీద, ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణుణ్ణి కృష్ణదేవరాయలు 1515లో మణిమంటపంలో ప్రతిష్ఠించిన సంగతి కన్నడ లిపిలో చెక్కి ఉన్నది.

ఉదయగిరి మొదటినుండీ విజయనగరానికి పరాయిది కాదు. విజయనగరాన్ని స్థాపించిన సంగమ సోదరులలో ఒకడైన కంపన ఏలిన ప్రాంతమిది. అతని కుమారుడు రెండవ సంగముడు 1356లో ఇచ్చిన బిట్రగుంట శాసనం మన జిల్లా చరిత్రకు పెద్ద ఆధారం. 15వ శతాబ్దిలో ఒడిశా గజపతులు ఈ దుర్గాన్ని పట్టుకున్నారు. కనుక రాయల దృష్టిలో ఇది కొత్త రాజ్యాన్ని జయించడం కాదు, పోయిన సొత్తును తిరిగి రాబట్టుకోవడం. ఆయన జైత్రయాత్రను వర్ణించిన సమకాలిక కవులు ఉదయాద్రితోనే, అంటే ఉదయగిరితోనే, లెక్క మొదలుపెట్టారు.

ముట్టడి ఎంత కష్టంగా సాగిందో తరువాత ఇరవయ్యేళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. కోటకు ఉన్నది ఒకే దారి, అదీ మనిషి వెనుక మనిషి నడవవలసినంత ఇరుకు. లోపల పదివేల కాల్బలమూ నాలుగు వందల గుర్రాలూ ఉన్నాయని, అంత బలమైన కోటకు అంతకు మించి అవసరం లేదని అతని మాట. రాయలు ఏడాదిన్నరపాటు బండలు పగలగొట్టించి, బురుజుల దాకా సైన్యం పోగలిగే బాటలు వేయించాడట. కొండ 3,079 అడుగుల ఎత్తు. కొన్నిచోట్ల రాతిగోడ నిలువునా వెయ్యి అడుగుల దాకా లేస్తుంది. ఎండాకాలంలో కింద నిలబడి ఒకసారి తలెత్తి చూసినవారికి నూనిజ్ మాటలు అతిశయోక్తి అనిపించవు. 1514లో కోట పడింది, ప్రతాపరుద్ర గజపతి పినతండ్రి తిరుమల రాహుతరాయడు పట్టుబడ్డాడు. తిరుగుదారిలో రాయలు ఆ జూలైలో తిరుమలకు వెళ్లి శ్రీవారికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి.

ఇక మీరు అడిగిన చివరి మాట. విగ్రహం ఉన్నది గాని హంపిలోనూ లేదు. దెబ్బతిన్న స్థితిలో దొరికిన ఆ నల్లరాతి శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. చతుర్భుజాలూ శంఖచక్రాలూ ధరించిన విష్ణువు కాదతడు, కూర్చున్న పసిబాలుడు, వెన్నముద్ద పట్టిన కృష్ణుడు.

ప్రశ్న: హిందూ రాజు సాటి హిందూ రాజు గుడిలోని మూలవిగ్రహాన్ని పెకలించడం అపచారం కాదా? మన గుడి పాడుబడడానికి అదే కారణమని మా ఊళ్లో వాదన నడుస్తున్నది.
– ఒక పాఠకుడు, వింజమూరు

సమాధానం: పెకలించడమంటే ఏమిటో ముందు చూద్దాం. మూలవిరాట్టు పీఠం మీద ఊరికే నిలబడి ఉండదు. పీఠంలో తొలిచిన గుంటలోకి విగ్రహం అడుగుభాగాన్ని దించి, చుట్టూ ఉన్న సందును అష్టబంధనంతో పూడుస్తారు. లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న మొదలైన ఎనిమిది ద్రవ్యాలను రోట్లో వేసి ముద్ద సాగే దాకా దంచి చేసే బంధమది. ఆరితే రాయిలా బిగుస్తుంది. పన్నెండేళ్లకొకసారి దాన్ని తీసి కొత్తది వేసే ఆచారం ఉన్నది కనుక, విగ్రహానికి హాని లేకుండా పీఠం నుండి విడదీయడం స్థపతులకూ అర్చకులకూ తెలియని పని కాదు. కదిలించే ముందు కళాకర్షణ జరిపి, విగ్రహంలోని దైవకళను కలశంలోకి ఆవాహన చేయాలని ఆగమాలు విధించాయి. శిథిలాలయాల్లో పీఠం మాత్రమే మిగిలి, దాని నడుమ నలుచదరపు గుంట కనిపిస్తే అది స్వామి నిలిచిన చోటని గుర్తుపట్టండి.

ఓడిన రాజు దేవుణ్ణి తెచ్చుకోవడం ఆనాటి రాజనీతిలో బాగా పాతుకొన్న ఆచారం. గజపతులూ ఇందుకు అతీతులు కారు. ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమ గజపతి దక్షిణదేశ దండయాత్ర నుండి సాక్షిగోపాలుణ్ణి తెచ్చుకున్నాడని ఒడిశా సంప్రదాయమే చెబుతుంది. తండ్రి ఒక గోపాలుణ్ణి ఉత్తరానికి తీసుకుపోతే, కొడుకు కాలంలో మరో కృష్ణుడు పడమటికి వెళ్లాడు. రాయలు దీన్ని బదులుగానే తలచాడా అంటే, అలా తలచి ఉంటాడనే నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే. ఒకటి మాత్రం స్పష్టం: ఆయన ఆ విగ్రహాన్ని కొల్లసొమ్ముగా మూలన పడేయలేదు, దాని కోసం కొత్తగా ఒక మహాలయమే కట్టించాడు.

ఊరు పాడుబడడం ఇంకో సంగతి. కోట గెలిచిన తరువాత ఉదయగిరి పాలన రాయల అధికారి రాయసం కొండమరుసయ్య చేతికి వచ్చింది, సీమ విజయనగరంలోనే కొనసాగింది. తరువాతి కాలంలో గోల్కొండ సేనలు, ఆర్కాటు నవాబుల నాటి జాగీర్దార్లు, చివరికి ఇంగ్లీషువారు వచ్చారు. కోటకు యుద్ధావసరం తీరిపోయాక దీపం పెట్టేవారు తగ్గారు. మూడు శతాబ్దాల క్షీణతను ఒక్క 1514 మీద మోపడం న్యాయం కాదు.

ప్రశ్న: మేము హంపికి వెళుతున్నాము. ఉదయగిరి కృష్ణుని కోసం కట్టిన ఆ ఆలయంలో ఏమి చూడాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: తూర్పు గోపురం దగ్గరే ముందు ఆగండి. కింది అంతస్తు రాయి, పైదంతా ఇటుకా సున్నమూ. ఆ సున్నపు పనిలో డాళ్లు పట్టిన భటులు, గుర్రాలు, ఏనుగులు వరుసలు కట్టి ఉన్నాయి. ఇవి ఉదయగిరి యుద్ధ దృశ్యాలేనని పండితుల అభిప్రాయం. తలలు విరిగినవీ పెచ్చులూడినవీ ఎక్కువ గనుక, ఎండ ఏటవాలుగా పడే వేళ అయితేనే బొమ్మలు తేలి కనబడతాయి. మన నెల్లూరు జిల్లా యుద్ధానికి దాదాపు సమకాలికమైన బొమ్మల వర్ణన ఇంకొకటి నేను చూడలేదు.

లోపల గర్భగృహం, దాని ముందరి చిన్న గదియైన అంతరాళం, ప్రదక్షిణాపథం, స్తంభాల మహామంటపం, పక్కన అమ్మవారి గుడి ఉన్నాయి. మెట్ల కిరువైపులా రాతి ఏనుగులు. లోపలి స్తంభాల మీద దశావతారాలను తీరికగా లెక్కపెట్టండి. స్తంభాన్ని కింది నుండి పైకి చదవడం అలవాటు చేసుకోండి: నలుచదరపు దిమ్మె మీద బొమ్మ, దాని పైన ఎనిమిది పలకల నడికట్టు, మళ్లీ చదరం, చివర తామరమొగ్గలా కిందికి వేలాడే బోదె. ఈ కొలత పట్టుబడితే, ఉదయగిరి చుట్టుపక్కల పొలాల్లో ఒంటరిగా పడి ఉన్న స్తంభం ఎదురైనా అది విజయనగర కాలపు పని అవునో కాదో మీకై మీరే ఒక అంచనాకు రాగలరు.

బయటి ప్రాకారంలో నైరుతి వైపు ఆరు గుమ్మటాల కట్టడం ఉన్నది, ధాన్యాగారమని చెబుతారు. తూర్పున రథవీధికి రెండు వైపులా అంగడి మంటపాలు, దానికి ఉత్తరాన పుష్కరిణి కనిపిస్తాయి. దక్షిణంగా నాలుగు అడుగులు వేస్తే 1528 నాటి ఏకశిలా లక్ష్మీనరసింహుడు. అది అందరూ చూసేదే గనుక ఎక్కువ చెప్పను.

గర్భగుడి ముందు నిలబడి స్వామి కోసం వెతకవద్దు, ఆ పీఠమూ ఖాళీయే. బాలకృష్ణుణ్ణే చూడాలనుకుంటే కావలి నుండి చెన్నైకి రైలెక్కడమే దగ్గర దారి. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు తప్పించి వెళ్లండి.